వికటకవిని కాదంటున్న కంప్యూటర్ పాఠం

సంపాదకులకు నమస్కారం.

బడిపిల్లలకు కోడింగ్ నేర్పడం గురించి ఈమధ్య మీ విద్య పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. కంప్యూటర్ ప్రోగ్రాంలు రాసే పైథాన్ భాష ఎంత తేలికో, దాన్ని నేర్చుకోవడానికి అమీర్‌పేటకు ఎక్కడెక్కడి నుంచి పిల్లలు వస్తున్నారో చక్కగా రాశారు. పక్కనే ఒక నమూనా పాఠం కూడా వేశారు. అది ‘హలో వరల్డ్’తో మొదలై, ‘యాపిల్’ అనే ఇంగ్లీషు మాటలో ‘పి’ ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టడంతో అయిపోయింది. తెలుగు పత్రికలో, తెలుగు పిల్లల కోసం వేసిన ఆ పాఠంలో వెతకడానికీ మార్చడానికీ ఒక్క తెలుగు మాట కూడా లేదు. ఈ ఉత్తరం దాని గురించే. కాస్త పొడవైంది, ఓపికగా చదవమని కోరుతున్నాను.

నేను చిక్కడపల్లిలో ఇరవై రెండేళ్లు డీటీపీ సెంటర్ నడిపాను. శుభలేఖలు, కరపత్రాలు, పీహెచ్‌డీ థీసిస్‌లు, కవుల సొంత ఖర్చు పుస్తకాలు ఎన్ని కంపోజ్ చేశానో లెక్కలేదు. 2020లో కరోనా వచ్చినప్పుడు మూసిన షట్టర్ మళ్లీ తెరవలేదు. ఇప్పుడు నాకు 61 ఏళ్లు. విద్యానగర్‌లో మా కాలనీవాళ్లు నడుపుకునే చిన్న గ్రంథాలయంలో పుస్తకాల జాబితా చూసుకుంటున్నాను. 3,400 పుస్తకాలున్నాయి. తొమ్మిదేళ్లలో నలుగురు మనుషులు, నాలుగు రకాల కీబోర్డులతో ఎక్సెల్‌లో కొట్టిన జాబితా అది. దాన్ని శుభ్రం చేయడానికే గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే మా అమ్మాయి నాకు ఆదివారాలు పైథాన్ నేర్పింది.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. వరసగా గుచ్చిన అక్షరాల దండను కంప్యూటర్ భాషలో స్ట్రింగ్ అంటారు. ఆ దండతో పాటే కొన్ని పనిముట్లు వస్తాయి, వాటిని మెథడ్స్ అంటారు. ఒక మాట ఎక్కడుందో వెతకడానికి ఫైండ్, ఒకటి తీసి ఇంకొకటి పెట్టడానికి రీప్లేస్, ఎన్నిసార్లుందో చెప్పడానికి కౌంట్, ముక్కలు చేయడానికి స్ప్లిట్, అటూ ఇటూ అంటుకున్న ఖాళీలు దులపడానికి స్ట్రిప్. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో మేం ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టిన చేతులకు ఇవి కొత్తేమీ కావు. కొత్తగా తెలిసిందల్లా, ఈ పనిముట్లకు తెలుగు ఎలా కనిపిస్తుందన్నది. అది నాకు పుస్తకాల్లో దొరకలేదు, జాబితాలో తగిలింది.

మొదట ప్రచురణ ఊరు అనే గడిలో ‘హైదరాబాద్’ అని వెతికాను. 212 పుస్తకాలు వచ్చాయి. బీరువాల్లో కళ్లెదుట అంతకు రెట్టింపు ఉన్నాయి. మిగతావి ఏమయ్యాయి? ఒకరు ‘హైదరాబాదు’ అని కొట్టారు, ఒకరు ‘హైద్రాబాద్’ అని. ఇవి కంటికి కనిపించే తేడాలే కాబట్టి సులువుగా దొరికాయి. ‘హైదరాబాద్’ చివర పొల్లు తీసేసి ‘హైదరాబాద’ వరకే వెతికితే పొల్లుతో రాసిందీ కొమ్ముతో రాసిందీ రెండూ పట్టుబడతాయి. ఎందుకంటే కంప్యూటర్‌కు పొల్లు, కొమ్ము, గుడి, దీర్ఘం అన్నీ ‘ద’ తర్వాత వచ్చే వేరే వేరే గుర్తులు. మనం ఒక్క అక్షరంగా చదివే ‘ద్’ దానికి రెండు గుర్తులు. ‘తెలుగు’ ఎంత పొడవని లెన్‌తో అడిగితే మూడు అనదు, ఆరు అంటుంది. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. ‘శ్రీ’ అంటే శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం నాలుగు. ఒకటో తరగతిలో మనం నేర్చుకున్న గుణింతాన్ని విడదీసి దాచుకున్నట్టు ఉంటుంది దాని పద్ధతి.

ఇక కంటికి కనిపించని తేడాల సంగతి. రెండు గడుల్లోనూ ‘హైదరాబాద్’ అనే ఉంది. నా కళ్లకు, మా అమ్మాయి కళ్లకు, ప్రూఫులు దిద్దిన నా పాత భూతద్దానికి కూడా ఒక్కటే. రెండూ సమానమా అని పైథాన్‌ను అడిగితే కాదంది. ‘హై’లో ఉన్న ఐత్వం వల్ల వచ్చిన తేడా అది. ఐత్వాన్ని మనం పైన ఎత్వం, కింద ఇంకో గుర్తు కలిపి రాస్తాం కదా. అన్ని భాషల గుర్తులకూ కంప్యూటర్‌లో ఒక్కో సంఖ్య ఇచ్చే పద్ధతైన యూనికోడ్‌లో దాన్ని ఒకే గుర్తుగా కొట్టవచ్చు, ఆ రెండు ముక్కలుగా కూడా కొట్టవచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, లోపల వేరు. వెతికే ముందు రెండు వైపులా నార్మలైజ్ చేస్తే ముక్కలు కలిసి ఒకే గుర్తు అవుతాయి. తెలుగు గుర్తుల్లో ఇలా రెండు ముక్కలయ్యేది ఈ ఐత్వం ఒక్కటే. మన నగరం పేరు మొదటి అక్షరంలోనే అది వచ్చి కూర్చుంది.

సున్నతో ఇంకో చిక్కు. ‘గంగ’ అని ఒకరు, ‘గ౦గ’ అని ఇంకొకరు కొట్టారు. రెండోదానిలో ఉన్నది అక్షరం పక్కన పెట్టే సున్న కాదు, తెలుగు అంకె సున్న. చూపుకు రెండూ గుండ్రమే. పాత టైపు అలవాటుతో ఆ అంకె కొట్టినవాళ్లను తప్పుపట్టను. కాని ‘సికింద్రాబాద్’ అని వెతికినప్పుడు అంకెతో కొట్టిన ‘సికి౦ద్రాబాద్’ రాదు. రీప్లేస్‌తో ఆ అంకె సున్నలన్నీ మామూలు సున్నలు చేశాను. ప్రచురణ సంవత్సరాల గడి జోలికి మాత్రం పోలేదు. అక్కడ కొందరు తెలుగు అంకెలే వాడారు, అక్కడ అది నిజంగానే అంకె. పైథాన్ తెలుగు అంకెలతో రాసిన సంవత్సరాన్ని కూడా మామూలు సంఖ్యగా చదువుకుంటుందని అప్పుడే తెలిసి చాలా సంతోషించాను.

మూడోది ‘హైదరాబాద్‌లో’ అని రాసినప్పుడు ‘ద్’కూ ‘లో’కూ మధ్య ఉండే కనిపించని గుర్తు. అది లేకపోతే లకారం ‘ద’ కింద ఒత్తుగా చేరిపోతుంది. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారట. డీటీపీలో ఇన్నేళ్లున్నా యూనికోడ్‌కు వచ్చేదాకా దాని పేరు నాకు తెలియదు. ఎక్కడినుంచో ‘హైదరాబాద్‌లో’ అని కాపీ చేసి, ‘లో’ మాత్రం చెరిపేస్తే, ఆ గుర్తు తోకలా మిగిలిపోతుంది. స్ట్రిప్ అంటే చివరల చెత్త దులిపేస్తుందని పాఠాల్లో చెబుతారు. అది ఖాళీలను దులుపుతుంది గాని ఈ గుర్తును ముట్టుకోదు, దీన్ని ఖాళీగా లెక్కచేయదు. వెతకడానికి తయారుచేసుకునే మాటలోంచి దాన్ని రీప్లేస్‌తో విడిగా తీసేయాలి.

ఇవన్నీ సరిచేశాక 212 కాస్తా 437 అయింది. అంటే సగానికి పైగా పుస్తకాలు బీరువాలో ఉండి కూడా, అడిగినవాళ్లకు లేవని చెప్పిన జాబితా అది. పరీక్షలకు చదువుకునే పిల్లలు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో సీటు దొరకక మా దగ్గరికి వస్తుంటారు. వాళ్లకు ‘ఆ పుస్తకం లేదమ్మా’ అని నేనే ఎన్నిసార్లు చెప్పి పంపానో తలుచుకుంటే బాధేస్తుంది.

ఫైండ్ గురించి ఒక హెచ్చరిక కూడా చెప్పాలి, ఇది ఏ భాష మాటకైనా వర్తిస్తుంది. ఫైండ్ ‘ఉంది, లేదు’ అని చెప్పదు, ఎన్నో చోట ఉందో చెబుతుంది. లెక్క సున్నతో మొదలవుతుంది. దొరకకపోతే మైనస్ ఒకటి ఇస్తుంది. కంప్యూటర్ షరతుల్లో సున్న అంటే కాదు, మిగతా ఏ సంఖ్యయినా అవును. అందుకని ‘తెలుగు దొరికితే చూపించు’ అని నేను తొందరగా రాసిన లైను, పేరు మొదట్లోనే ‘తెలుగు’ ఉన్న పుస్తకాలన్నీ దాచేసి, ఆ మాటే లేని పుస్తకాలన్నీ చూపించింది. ఉందా లేదా అని మాత్రమే కావాలంటే ‘ఇన్’ అనే చిన్న మాట చాలు. నేర్పేవాళ్లు ఈ సంగతి మొదటి రోజే చెప్పాలి.

రీప్లేస్ దగ్గర నాకు పెద్ద దెబ్బే తగిలింది. రచయితల గడిలోనూ వివరాల గడిలోనూ కొందరు ‘డా’ అనీ కొందరు ‘డాక్టర్’ అనీ రాశారు. అన్నీ ఒకేలా ఉండాలని ‘డా’ తీసి ‘డాక్టర్’ పెట్టమన్నాను. వివరాల్లో ‘కూడా’ అని ఉన్న ప్రతిచోటా ‘కూడాక్టర్’ అయింది. ‘కెనడా’ పోయి ‘కెనడాక్టర్’ వచ్చింది. అంతకుముందే సరిగ్గా ఉన్న ‘డాక్టర్’ కూడా ‘డాక్టర్క్టర్’ అయిపోయింది. రీప్లేస్‌కు మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియదు, గుర్తులు వరసగా కలిస్తే చాలు మార్చేస్తుంది. ఇంగ్లీషులోనూ ఈ ప్రమాదం ఉంది. కాని విభక్తులూ సంధులూ మాటకు అతుక్కునే మన భాషలో ఇంకా ఎక్కువ. స్ప్లిట్‌తో ఖాళీల దగ్గర విడగొట్టి, విడిగా నిలబడిన ‘డా’, ‘డా.’ మాత్రమే మార్చి, జాయిన్‌తో మళ్లీ కలిపితే పని శుభ్రంగా అయింది.

పాత ప్రతి నా దగ్గర భద్రంగా ఉండబట్టే ఆ రోజు బయటపడ్డాను. అది ఉండటానికి కారణం కూడా చెప్పాలి, నాకు పైథాన్‌లో అన్నిటికంటే నచ్చిన సంగతి అదే. పైథాన్‌లో స్ట్రింగ్ మారదు. రీప్లేస్ అంటే ఉన్న మాటను దిద్దడం కాదు, దిద్దిన కొత్త మాటను పక్కన రాసి చేతికివ్వడం. తీసుకుని ఒక పేరు పెట్టి దాచుకోకపోతే అది పోతుంది, పాతది పాతట్టే ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ‘రీప్లేస్ రాశాను, ఏమీ మారలేదేంటి’ అని టెన్షన్ పడేది ఇందుకే. నేనూ ఒక ఆదివారం అరగంట పడ్డాను. ప్రూఫ్ షీటు మీద ఎన్ని దిద్దుబాట్లు చేసినా రచయిత రాతప్రతి అలాగే ఉంటుంది కదా, అలా అనుకున్నాక మనసుకు పట్టింది.

దీనివల్ల జాబితాలో ప్రతి పుస్తకానికీ రెండు పేర్లు పెట్టుకోగలిగాను. మొదటిది అట్ట మీద ఉన్నది ఉన్నట్టు. పాత పుస్తకాల్లో అరసున్నలుంటాయి, బండి ఱ ఉంటుంది, ‘గుఱ్ఱము’ అని ఉంటుంది. అవి అలాగే ఉండాలి, వాటిని దిద్దే హక్కు నాకు లేదు. రెండోది వెతకడానికి మాత్రమే. అందులో అరసున్న తీసేసి, ఱకారం బదులు రకారం పెట్టాను. చదివే అబ్బాయి ఈనాటి రాతలో వెతికినా ఆ కాలం పుస్తకం దొరుకుతుంది. ఊర్ల పేర్లకూ ఇదే పద్ధతి. రాజమండ్రి 2015లో రాజమహేంద్రవరం అయింది, మద్రాసు 1996లో చెన్నై అయింది. 1950ల్లో మద్రాసులో అచ్చయిన పుస్తకం మీద చెన్నై అని రాస్తే అది అబద్ధం. కనుక మొదటి పేరులో మద్రాసు, వెతికే పేరులో రెండూ. ఇలాంటి తీర్పులు ఏ మెథడూ చేసిపెట్టదు, పుస్తకం గురించి తెలిసిన మనిషి చేయాలి.

సభ్యుల జాబితా ఇంకోరకం. మర్యాద కొద్దీ ఎవరి పేరు రాసినా చివర ‘గారు’ చేర్చారు. అఫ్జల్‌గంజ్ వైపు నుంచి వచ్చే ఒక పెద్దాయన పేరు చివర ‘సాబ్’ అని ఉంది. అకారాది క్రమంలో పెట్టడానికీ, రెండుసార్లు నమోదైనవాళ్లను పట్టుకోవడానికీ ఇవి తీసేయాలి. స్ట్రిప్‌కు ఏం తీయాలో కూడా చెప్పవచ్చని విని, ‘గారు’ తీయమన్నాను. ‘రాజు గారు’ వెళ్లి ‘జు’ అయి తిరిగొచ్చింది. మొదట నాకు అర్థం కాలేదు. స్ట్రిప్‌కు ఇచ్చే మాట మాటగా పనిచేయదు. అది గ, దీర్ఘం, ర, కొమ్ము అనే నాలుగు గుర్తుల మూట. రెండు చివరలా ఆ నాలుగింటిలో ఏది కనిపించినా చెక్కేస్తూ పోతుంది. ‘రాజు’లో మొదట రకారం ఉంది, పోయింది. తర్వాత దీర్ఘం ఉంది, అదీ పోయింది. ‘జ’ దగ్గర ఆగింది. మర్యాద తీయబోతే మనిషి పేరే సగం పోయింది. 2020లో వచ్చిన పైథాన్ 3.9లో రిమూవ్ సఫిక్స్, రిమూవ్ ప్రిఫిక్స్ అని రెండు కొత్త మెథడ్స్ చేర్చారు. అవి చివరనో మొదటనో ఉన్న పూర్తి మాటనే తీస్తాయి. ‘గారు’కు అదే సరైన పనిముట్టు. ముందున్న ‘శ్రీ’ని తీసేటప్పుడు మాత్రం దాని తర్వాతి ఖాళీని కూడా కలిపి ఇవ్వాలి, లేకపోతే శ్రీనివాసరావు నివాసరావుగా మిగులుతాడు.

ఇంగ్లీషు ఉదాహరణలతో నేర్చుకున్న పిల్లలకు ఈ ‘రాజు గారు’ సంగతి ఎప్పుడు తెలుస్తుంది? ఉద్యోగంలో చేరి, నిజమైన మనుషుల పేర్ల మీద ఆ లైను నడిపాక తెలుస్తుంది. అప్పటికి ఎంతమంది రాజులు జులు అయివుంటారో!

ఇప్పుడు మా మనవరాలి సంగతి. తొమ్మిదో తరగతి. దసరా సెలవుల్లో మియాపూర్ నుంచి వచ్చింది. బళ్లో ఇచ్చిన కోడింగ్ హోంవర్కు చేస్తోంది. ఒక మాటను వెనకనుంచి చదివినా అదే వస్తుందో లేదో చూసే ప్రోగ్రాం. ‘మేడమ్’, ‘లెవెల్’ అనే ఇంగ్లీషు మాటలు ఇచ్చి చూసింది, అవునంది. నాకు ఆగలేదు. ‘మనకు వికటకవి ఉంది కదే, తెనాలి రామకృష్ణుడి బిరుదు, అది కొట్టు’ అన్నాను. కొట్టింది. కంప్యూటర్ కాదంది. ఇంకోసారి కొట్టింది, మళ్లీ కాదంది.

అది నా వైపు తిరిగి, ‘అమ్మమ్మా, అయితే వికటకవి తప్పేమో’ అంది.

సంపాదకులుగారూ, ఆ మాట నాకు చాలా రోజులు నిద్ర పట్టనివ్వలేదు. వేళ్ల మీద లెక్కపెట్టి చూపించాను. వి, క, ట, క, వి. అయినా దాని మొహంలో నమ్మకం పూర్తిగా కుదరలేదు. తప్పు ప్రోగ్రాంలో ఉంటుందని దానికి తోచలేదు, తెలుగులో ఉంటుందనుకుంది.

కారణం చిన్నది. ఆ ప్రోగ్రాం మాటను గుర్తుల వరసగా తిప్పుతుంది. ‘వి’ అంటే వ, తర్వాత గుడి. తిప్పితే గుడి ముందుకొచ్చి వ వెనక్కి పోతుంది, ఏ అక్షరానికీ అంటని గుడి ఒకటి మాట మొదట్లో వేలాడుతుంది. ఇక సమానం ఎలా అవుతుంది? ‘జలజ’ కొట్టించాను, అవునంది, ఎందుకంటే అందులో గుడులూ కొమ్ములూ లేవు. ‘కునుకు’ కొట్టిస్తే కాదంది.

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని ముందు మాటను అక్షరాలుగా విడగొట్టే ముక్క రాశాం. సూత్రం ఇంతే. గుడి, కొమ్ము, దీర్ఘం, సున్న, పొల్లు లాంటివి వస్తే వెనకున్న అక్షరానికే చేర్చు. వెనకున్నది పొల్లుతో ఆగివుంటే, వచ్చే హల్లును కూడా ఒత్తుగా దానికే చేర్చు. మిగతా ఏది వచ్చినా కొత్త అక్షరం మొదలుపెట్టు. పన్నెండు లైన్లయింది. అలా విడగొట్టిన అక్షరాలను తిప్పి చూస్తే వికటకవి అవునని వచ్చింది. పిల్ల ఎగిరి గంతేసింది. తర్వాత గంటసేపు ఇంట్లో వాళ్లందరి పేర్లూ తిప్పి చూసుకుంది. గుణింతం, ఒత్తులు అంటే ఏమిటో దానికి మొదటిసారి నిజంగా అర్థమైంది ఆ పూటే అని నాకనిపించింది. తెలుగు పాఠం, కంప్యూటర్ పాఠం ఒక్కచోట కలిశాయి.

యూనికోడ్‌వాళ్లు కూడా దీన్ని పట్టించుకుంటున్నారు. మనిషి ఒక్క అక్షరంగా చూసేదాన్ని కంప్యూటర్ కూడా ఒక్కటిగా ఎలా చూడాలో వాళ్ల నియమాలున్నాయి. 2023లో వచ్చిన 15.1 కూర్పులో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల ఒత్తక్షరాలను విడదీయకుండా ఉంచే నియమం చేర్చారు. ‘క్ష’ను ‘క్’, ‘ష’ అని రెండు చేయకుండా. పైన పనిచేసేవాళ్లు ఇంత శ్రద్ధ చూపుతుంటే కింద బళ్లో పాఠం చెప్పేవాళ్లు ఆ మాటే ఎత్తకపోవడం నాకు బాధగా ఉంది.

ఇది ఆటకో, హోంవర్కుకో పరిమితమైతే నేను మీకు ఉత్తరం రాసేదాన్ని కాదు. పోయిన ఏడాది మా వదిన ఒక ఆన్‌లైన్ దరఖాస్తు నింపింది. పేరు తెలుగులో రాయమని అడిగింది ఆ ఫారం. వదిన పేరు సుజాత అనుకోండి. ‘అక్షరాలు మాత్రమే రాయండి’ అని ఎర్ర అక్షరాల్లో వచ్చింది. ఆమె రాసింది అక్షరాలే. నాలుగుసార్లు రాసి, తనకే చేతకావడం లేదనుకుని, మీ సేవకు వెళ్లి డబ్బులిచ్చి చేయించుకుంది. అక్కడి అబ్బాయి పేరు ఇంగ్లీషులో కొట్టి పంపించేశాడు.

పైథాన్‌లో ఐజ్ ఆల్ఫా అనే మెథడ్ ఉంది. ఇచ్చిన దాంట్లో అన్నీ అక్షరాలేనా అని చూస్తుంది. పేరు గడిలో అంకెలు రాయకుండా ఆపడానికి దాన్ని వాడమని బిగినర్లకు నేర్పుతారు. నేను మా గ్రంథాలయం సభ్యుల పేర్లు దానికి ఇచ్చి చూశాను. లత, అవును. కమల, అవును. రమ, అవును. సీత, కాదు. గంగ, కాదు. సుజాత, కాదు. గుడి, కొమ్ము, దీర్ఘం, సున్న, పొల్లు ఇవేవీ అక్షరాలు కావని, అక్షరానికి అంటుకునే గుర్తులని దాని లెక్క. తలకట్టు మాత్రమే ఉన్న పేర్లు గట్టెక్కుతాయి. మా 186 మంది సభ్యుల్లో ఆ పరీక్ష నెగ్గినవాళ్లు ఐదుగురు. పైథాన్ చేసినవాళ్ల నియమం వాళ్ల లెక్క ప్రకారం సరైనదే. తెలుగు పేరుకు ఆ పరీక్ష పెట్టడమే తప్పు. ఫారం తయారుచేసిన మనిషి తన తల్లి పేరు ఒక్కసారి తెలుగులో కొట్టి చూసుంటే ఇది అక్కడికక్కడే తెలిసిపోయేది.

ఆ ఫారాలు రాసేది ఎక్కడి నుంచో వచ్చినవాళ్లు కాదు. అమీర్‌పేటలో పొద్దున ఆరింటి బ్యాచ్‌కు నోటుబుక్కు పట్టుకుని పరుగెత్తే మన పిల్లలే. వాళ్ల తెలివికి కొదవలేదు. వాళ్లకు ఎవరూ తెలుగు మాట ఇచ్చి చూడమనలేదు, అంతే. స్ట్రింగ్ పాఠంలో పెద్దబడి, చిన్నబడి ఇంగ్లీషు అక్షరాల మార్పిడికి, అదే అప్పర్, లోయర్‌కు, బోలెడు సమయం పెడతారు. తెలుగులో ఆ తేడాయే లేదు, ఆ రెండూ తెలుగు మాటను ఇచ్చింది ఇచ్చినట్టే తిరిగి ఇస్తాయి. ఆ సమయంలో సగం తెలుగు మాటకు పెడితే చాలు. ‘అక్క’లో క ఎన్ని అని కౌంట్‌తో అడిగించండి, రెండు అంటుంది. ‘లక్ష’లో క ఉందా అని అడిగించండి, ఉందంటుంది. మనం చదివేటప్పుడు అది క్ష కదా, మరి ఎందుకు ఉందంది అని పిల్లలే అడుగుతారు. అక్కడినుంచి పాఠం దానంతటదే నడుస్తుంది.

అమీర్‌పేట శిక్షణ సంస్థల్లో, కోడింగ్ మొదలుపెట్టిన బళ్లలో పాఠం చెప్పే మాస్టార్లకు నా విన్నపం అదే. ‘మేడమ్’తో పాటు వికటకవిని కూడా ఇవ్వండి. కాదని వస్తే ఎందుకు కాదందో విప్పి చెప్పండి. ఫారాలు తయారుచేసే ఆఫీసులవాళ్లు పరీక్షించేటప్పుడు సుజాత, గంగ, శ్రీనివాసరావు అనే మూడు పేర్లయినా కొట్టి చూడాలి. గడిలో ఇన్నే అక్షరాలు పట్టాలని హద్దు పెట్టేటప్పుడు కూడా గుర్తుంచుకోవాలి. ‘ఆదివారం గ్రంథాలయం తెరిచి ఉంటుంది’ అని నేను సభ్యులకు పంపే కబురులో నోటితో పలికితే 14 అక్షరాలున్నాయి, కంప్యూటర్ ఖాళీలతో కలిపి 32 అంటుంది. ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషుకు 160 పడితే తెలుగుకు 70 మాత్రమే పడతాయి. ఇంగ్లీషు పేరు కొలతతో కత్తిరించిన గడిలో మన ఇంటిపేరుతో కలిపిన పేరు పట్టదు.

మీ పత్రికను అడిగేది ఒక్కటి. విద్య పేజీలో వారానికి ఒక చిన్న గడి కేటాయించి, తెలుగు మాటల మీద నడిచే పది లైన్ల ప్రోగ్రాం వేయండి. ఒక వారం ‘రాజు గారు’, ఒక వారం వికటకవి, ఒక వారం రెండు రకాల ఐత్వం. మీ డెస్కులో పనిచేసేవాళ్లకు ఈ పొల్లులతో, సున్నలతో రోజూ పనే కాబట్టి నాకంటే మంచి ఉదాహరణలు వాళ్ల దగ్గరే దొరుకుతాయి. మొదటి నాలుగైదు వారాలకు సరిపడా నేను రాసి పంపగలను. డబ్బులేమీ అక్కర్లేదు.

మా జాబితా ఇప్పుడు శుభ్రంగా ఉంది. అక్షరాలు విడగొట్టే ఆ పన్నెండు లైన్లను మనవరాలు ఒక నోటుబుక్కులో గుండ్రటి రాతతో రాసి, పైన తన పేరు, నా పేరు పెట్టింది. ఆ కాగితం జిరాక్సులు గ్రంథాలయంలో బల్ల మీద పెట్టాను. ఏ మాస్టారికైనా, ఏ పిల్లలకైనా కావాలంటే ఆదివారం ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా నేను అక్కడే ఉంటాను, వచ్చి తీసుకోవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విద్యానగర్, హైదరాబాద్